15 హెచ్‌పీ ఔట్‌బోర్డుకు ఎంత పిచ్ ఉన్న ప్రొపెల్లర్ సరిపోతుంది?

గౌతమీపాయ:
మాది 20 అడుగుల ఫైబర్ పడవ. యానాం దిగువన గౌతమీ పాయలోనూ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకానూ చేపల వేటకు తిప్పుతాము. ఔట్‌బోర్డు, అంటే పడవ వెనుక తగిలించే ఇంజిన్, 15 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్, గేరు నిష్పత్తి 2.08. పాత ఇంజిన్‌తో పాటు వచ్చిన ప్రొపెల్లర్ బొడ్డు మీద 9¼ × 11 అని చెక్కి ఉంది. ముగ్గురు మనుషులు, వలలు, ఐసు పెట్టె ఎక్కిన తరువాత రేసు పూర్తిగా ఇచ్చినా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 4,500 దాటడం లేదు. ఫోనులోని జీపీఎస్ గంటకు 22 కిలోమీటర్లు చూపుతోంది. నేనొక్కడినే ఖాళీగా వెళితే 5,300 వస్తోంది. ఇంజిన్ పుస్తకంలో మాత్రం పూర్తి రేసులో 5,000 నుంచి 6,000 మధ్య ఉండాలని ఉంది. పిచ్ పెంచితే వేగం వస్తుందని కొందరు, తగ్గించాలని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైనదో తెలిసినవారు వివరించగలరు.

షెడ్డుమేస్త్రి:
పెంచమన్నవారి మాట దయచేసి వినకండి. 9¼ అనేది రెక్కల చుట్టుకొలత కాదు, అవి తిరిగే వృత్తపు అడ్డుకొలత. 11 అనేది పిచ్, అంటే ఏమాత్రం జారకుండా ఒక్క చుట్టు తిరిగితే పడవ ముందుకు సాగవలసిన అంగుళాలు. మీ లెక్క ప్రకారం 4,500ను గేరు నిష్పత్తి 2.08తో భాగిస్తే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2,160 చుట్లు తిరుగుతోంది, అంటే జారుడు లేకపోతే పడవ గంటకు 36 కిలోమీటర్లు పోవాలి. మీకు వస్తున్నది 22, కాబట్టి దాదాపు 40 శాతం జారుడులో పోతోంది. బరువుతో నీళ్లలో కూరుకుపోయి నడిచే పడవకు జారుడు ఎక్కువగానే ఉంటుంది గానీ, దానితో పాటు ఆర్‌పీఎం కూడా పడిపోయిందంటే ఇంజిన్ మోయలేని పిచ్ తగిలించారని అర్థం. నిండు బరువుతో టాప్ గేరులో ఘాట్ ఎక్కే లారీ పరిస్థితి అది. అలా నెలల తరబడి నడిపితే ఇంజిన్ వేడెక్కుతుంది, కార్బన్ పేరుకుంటుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారుగా 200 పెరుగుతుంది. 9కి దిగితే మీరు 4,900 దగ్గర ఆగుతారు, అది చాలదు. 8కి దిగితే బరువుతో 5,100, ఖాళీగా 5,900 రావచ్చు. రెండూ పుస్తకంలోని హద్దులోనే ఉన్నాయి కాబట్టి నా ఓటు 8కే.

ఉప్పుటేరు:
మేస్త్రి గారి లెక్క సరైనదే, కానీ కొనడానికి ముందు పడవను ఒడ్డుకు లాగి అడుగు చూడండి. పాయలో కట్టి ఉంచిన పడవకు నాచు, గుల్లలు పట్టడం మామూలే. అవి గీకితేనే కొంత ఆర్‌పీఎం తిరిగి రావచ్చు. అలాగే ప్రొపెల్లర్‌కు పైనున్న అడ్డురేకు పడవ అడుగుకు సమానంగా, లేదా ఒక అంగుళం లోపు కిందికి ఉండాలి. అంతకంటే లోతుగా దిగితే ఇంజిన్ కాలు నీటిని ఊరికే ఈడుస్తుంది, పైకి ఉంటే మలుపుల్లో గాలి పీల్చి ఒక్కసారిగా గోల చేస్తుంది. ప్రొపెల్లర్ బొడ్డులోని రబ్బరు బుష్ జారిందేమోనని కొందరు అనుమానిస్తారు గానీ, బుష్ జారితే ఆర్‌పీఎం పెరిగి వేగం పడిపోతుంది. మీది అందుకు విరుద్ధం.

ఇవన్నీ సరిచేసిన తరువాత బరువుతో 4,700 దాటితే 9 చాలు. ఖాళీగా ఎక్కువ దూరం వెళ్లేవారైతే 8తో ఇంజిన్ 6,000 దాటకుండా చూసుకోవాలి.

గౌతమీపాయ:
ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు అడుగు గీకించి, అదే బరువుతో మళ్లీ కొలుస్తాను. పిచ్ తగ్గితే వేగం ఎంత పోతుంది?

షెడ్డుమేస్త్రి:
నిండు బరువుతో మీరు పోగొట్టుకునేది దాదాపు ఏమీ ఉండదు. జారుడు తగ్గి ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి వేగం అటూ ఇటూగా ఇప్పుడున్నంతే ఉంటుంది, బయలుదేరే ఊపు మాత్రం స్పష్టంగా మెరుగుపడుతుంది. ఖాళీ పడవ వేగం కొంత తగ్గుతుంది. మీ మొగలో ఇసుక మేటలున్నాయి గనుక స్టీలు జోలికి పోకుండా అల్యూమినియం తీసుకోండి: రెక్క వంగితే సాధారణంగా పోయేది ప్రొపెల్లర్ ఒక్కటే, గేర్లకు దెబ్బ తగిలే అవకాశం తక్కువ. పాత 11ను పారేయక పడవలో అదనంగా ఉంచండి. బిగించేటప్పుడు షాఫ్టు పళ్లకు నీటిలో కరగని గ్రీజు పూసి, వాషర్లు తీసిన వరుసలోనే వేసి, స్ప్లిట్ పిన్ను మాత్రం కొత్తది వాడండి.