ఢిల్లీ గణేశ్ గారి నటజీవితం గురించి ప్రసంగం: ఉద్యోగం, నాటకం, సీరియల్ విషయాల్లో సలహా కావాలి

ప్రశ్న: అడయారు వాసి

చెన్నైలో మా పేటలోని తెలుగు కుటుంబాలవాళ్ళం కొందరం అప్పుడప్పుడూ ఒకచోట చేరి సాహిత్యం, సంగీతం, నాటకం గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. ఈసారి తమిళ రంగస్థలం నుంచి వచ్చిన ఒక గుణచిత్ర నటుడి (క్యారెక్టర్ ఆర్టిస్టు) గురించి అరగంటసేపు మాట్లాడే పని నా మీద పెట్టారు. నేను ఢిల్లీ గణేశ్ గారిని ఎంచుకున్నాను.

వివరాలు సేకరించడం కష్టం కాలేదు. 1944లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1964 నుంచి 1974 దాకా భారత వైమానిక దళంలో ఉద్యోగం చేశారు. ఢిల్లీలోని దక్షిణ భారత నాటక సభలో వేషాలు వేశారు, ఆయన పేరుకు ముందున్న ఊరు అక్కడినుంచి వచ్చినదే. మద్రాసుకు వచ్చాక కాత్తాడి రామమూర్తి గారి నాటక బృందంలో చేరారు. విసు గారి నాటకాన్ని కె. బాలచందర్ ‘పట్టిన ప్రవేశం’గా తీసినప్పుడు 1977లో వెండితెర మీదికి వచ్చారు. ఆ తరువాత నాలుగు వందలకు పైగా సినిమాలు, వాటితోపాటు సీరియళ్ళు, చివరి కాలంలో ఇంటర్నెట్టులోని లఘుచిత్రాలు. 1994లో తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే కలైమామణి బిరుదు వచ్చింది. 2024 నవంబరు 9న ఎనభయ్యేళ్ళ వయసులో చెన్నైలోనే కన్నుమూశారు. ఇదంతా ఇలా వరుసగా చదువుకుంటూ పోతే ప్రసంగం కాదు, సర్వీసు రిజిస్టరు అవుతుంది.

నా సందేహాలు ఇవి. వైమానిక దళంలోని ఆ పదేళ్ళను ఒక్క వాక్యంలో దాటేయవచ్చునా, లేక నటజీవితంలో భాగంగానే చెప్పాలా? సినిమాలు తగ్గి సీరియళ్ళకు దిగవలసి వచ్చిందని మా మిత్రులు కొందరు జాలిపడుతూ మాట్లాడుతున్నారు. ఆ మాట ఎంతవరకు న్యాయం? మా శ్రోతల్లో పెద్దవాళ్ళకు తెలుగు నటులే బాగా తెలుసు కనుక, ఆయన పక్కన ఏ తెలుగు నటుల పేర్లు చెబితే విషయం సులువుగా అందుతుంది?

జవాబు: పాత ప్రేక్షకుడు

ఆ పదేళ్ళను దాటేయకండి. నేనైతే ప్రసంగాన్ని అక్కడే మొదలుపెడతాను. మద్రాసు నాటకరంగంలో రెండు దారులు ఉండేవి. ఒకటి, చిన్నతనంలోనే కంపెనీలో చేరి, అక్కడే తిని, అక్కడే పడుకుని, నాటకమే బతుకుగా పెరిగినవాళ్ళది, ఎం.జి.ఆర్., శివాజీ గణేశన్ ఆ దారిన వచ్చారు. రెండవది, పగలంతా ఆఫీసులో ఫైళ్ళు చూసుకుని, సాయంత్రం ఆరు గంటలకు రిహార్సలుకు పరుగెత్తిన ఉద్యోగస్థులది. గణేశ్ గారిది ఈ రెండవ దారి.

ఈ దారి వెనుక మన తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉన్నదని మీ శ్రోతలకు తప్పకుండా చెప్పండి. బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తమ సరసవినోదినీ సభ బృందాన్ని తీసుకుని మద్రాసు వచ్చి నాటకాలు ప్రదర్శించినప్పుడు, చదువుకున్నవాళ్ళు, సంఘంలో గౌరవం ఉన్నవాళ్ళు ముఖానికి రంగు పూసుకుని వేదిక ఎక్కడం చూసి తమిళ నాటక రచయిత పమ్మల్ సంబంధ మొదలియారు గారు ముగ్ధులయ్యారు. 1891లోనే ఆయన మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ అనే ఔత్సాహిక నాటక సంఘాన్ని స్థాపించారు. ఆయన కూడా వకీలే, తరువాత న్యాయమూర్తి అయ్యారు. రామకృష్ణమాచార్యులు గారి మేనల్లుడు బళ్ళారి రాఘవ కూడా కోర్టులో వాదించుకుంటూనే నాటకాలు ఆడారు. తమిళ ఔత్సాహిక నాటకరంగం చరిత్ర రాసేవాళ్ళు ఈ బళ్ళారి ముచ్చటను సాధారణంగా చెబుతూనే ఉంటారు. మనవాళ్ళే దాన్ని మరిచిపోయారు.

తరువాతి తరంలో ఈ వరుస ఎంత పొడుగున్నదో చూడండి. బాలచందర్ అకౌంటెంట్ జనరల్ ఆఫీసు ఉద్యోగి. నాగేశ్ రైల్వేలో పనిచేశారు. పూర్ణం విశ్వనాథన్ ఆకాశవాణిలో తమిళ వార్తలు చదివారు. క్రేజీ మోహన్ ఇంజనీరు. వీళ్ళెవరికీ నాటకం కడుపు నింపలేదు. ఒకటో తేదీన జీతం చేతికి వస్తుండబట్టే, టికెట్ల డబ్బు హాలు అద్దెకు, లైట్లకు, మేకప్పుకు సరిపోతే చాలుననుకుని ఏళ్ళ తరబడి ఆడగలిగారు. ఆ స్థిమితం వల్ల వేషం చిన్నదైనా చిన్నతనంగా అనిపించదు. గణేశ్ గారిలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం అదే. రెండు సీన్లున్న పాత్రలోనైనా నా కోసం మరో సీను పెంచండి అన్నట్టు ఆయన ముఖం ఎప్పుడూ కనిపించదు.

తెలుగువైపు పోలిక అడిగారు. మొదటి పేరు జె.వి. సోమయాజులు గారిది. తమ్ముడు రమణమూర్తి గిరీశంగా, ఆయన రామప్ప పంతులుగా ‘కన్యాశుల్కం’ ఎన్నో ఏళ్ళు ఆడారు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా ఉండగా, యాభై దాటాక, 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. రెండవ పేరు గొల్లపూడి మారుతీరావు గారిది. నాటక రచయిత, ఆకాశవాణి ఉద్యోగి, సినిమాలకు రాసినవాడు. తెర మీద నటుడిగా స్థిరపడింది 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ తరువాత, అంటే నలభై మూడేళ్ళ వయసులో. టీవీలో కూడా ఆయన తన స్థానం తాను సంపాదించుకున్నారు. 2019 డిసెంబరులో చెన్నైలోనే పోయారు కనుక మీ ఊరివాడిగానే పరిచయం చేయవచ్చు. హీరో ఇరవైల్లో రావాలి, గుణచిత్ర నటుడు నలభైలో వచ్చినా నష్టం లేదు. మధ్యలో చేసిన ఉద్యోగం, చూసిన మనుషులు పాత్రలకు పనికొస్తారు. గణేశ్ గారు ముప్పై దాటగానే వచ్చారు, ఈ లెక్కన కాస్త తొందరగానే.

జవాబు: ఒకప్పటి అసిస్టెంట్

సీరియళ్ళకు ‘దిగడం’ అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది. చెన్నైలో సాలిగ్రామం, వలసరవాక్కం వైపు షూటింగ్ ఇళ్ళలో కొంతకాలం అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేశాను. గణేశ్ గారితో పనిచేసే అవకాశం నాకు రాలేదు. నాటకం నుంచి వచ్చిన ఇతర ఆర్టిస్టులతో పనిచేసిన అనుభవం మాత్రం చెబుతాను.

నాటకంలో నటుడికి పాఠం మొత్తం నోటికి వచ్చి ఉంటుంది. సీరియల్లో సీను కాగితం చాలాసార్లు మేకప్పు వేసుకుంటుండగా చేతికి వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. అందుకని ప్రాంప్టింగ్ ఉంటుంది. ఫ్రేములో పడకుండా కెమెరా పక్కన కిందనే కూర్చుని, కాగితం చూసి ఒక్కొక్క వాక్యం మేము చదువుతుంటే, ఆర్టిస్టు చెవి మాకు ఇచ్చి, చూపు ఎదుటి ఆర్టిస్టుకు ఇచ్చి ఆ వాక్యం పలకాలి. మా గొంతు కూడా రికార్డు అవుతుంది కానీ తరువాత డబ్బింగు ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. కొత్తగా నాటకం నుంచి వచ్చినవాళ్ళు ఈ పద్ధతికి మొదట్లో ఉక్కిరిబిక్కిరి అవుతారు. వాళ్ళకు మాట గుర్తుండక కాదు. మాటకూ మాటకూ నడుమ వాళ్ళు కావాలని తీసుకునే విరామాన్ని మేము మరపు అనుకుని, తొందరపడి తరువాతి వాక్యం అందించేస్తాము, అంతటితో ఆ విరామం చచ్చిపోతుంది. ఒక పెద్దాయన దీనికి ఉపాయం కనిపెట్టారు. విరామం కావలసినచోట కుర్చీ చెయ్యి మీద బొటనవేలు నొక్కిపెట్టి ఉంచేవారు. వేలు తీసేదాకా నేను నోరు మెదపకూడదని ముందే ఒప్పందం. ఎడిటింగులో చూసినప్పుడు ఆ వేలు కూడా పాత్ర ఆందోళనలో భాగంగానే కనిపించింది.

ఇంకొకటి, ఇల్లు ఒకటే కనుక ఆ హాల్లో జరిగే సీన్లన్నీ ఒకే రోజు తీసేస్తారు. పొద్దున కూతురి నిశ్చితార్థం, మధ్యాహ్నం అల్లుడితో తగాదా, సాయంత్రం దానికి ముందెప్పుడో జరిగిన పెళ్ళిచూపులు. మొదటి గంట నుంచి తెర పడేదాకా పాత్రను క్రమంగా పెంచుకుంటూ పోవడం అలవాటైన మనిషి, ఆ పెంపకాన్నంతా తల్లో పెట్టుకుని ముక్కలు ముక్కలుగా ఇవ్వాలి. సినిమాలోనూ ఈ బాధ ఉంది కానీ అక్కడ ఒక్క షాటుకు ఇచ్చే సమయంలో ఇక్కడ సీను ముగించేస్తాము. రాత్రి ప్యాకప్ చెప్పేసరికి కాల్షీటు లెక్కన డబ్బు వస్తుంది, హీరోకు హిట్టు రాలేదని ఆ డబ్బు ఆగదు. నాటకం ఎన్నడూ ఇవ్వని నికరమైన ఆదాయాన్ని సీరియల్ ఇచ్చింది. దాన్ని పతనం అనేవాళ్ళు ఎప్పుడూ ఇంటి అద్దె గురించి ఆలోచించి ఉండరు.

డబ్బింగు ప్రస్తావన వచ్చింది కనుక ఒక సంగతి. బాలచందర్ గారు 1981లో తీసిన ‘47 రోజులు’ తమిళ రూపంలో చిరంజీవి గారికి గొంతు ఇచ్చింది ఢిల్లీ గణేశ్ గారే. మీ సభలో ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వెనక వరుసలో ఫోన్లు చూసుకునేవాళ్ళు కూడా తల ఎత్తుతారు.

జవాబు: ఎగ్మూరు టీచరు

పాత ప్రేక్షకుడు గారు చెప్పింది బాగుంది కానీ, ఆ వరుసలో ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళేనని గమనించారా? నెల జీతం అనే ఆసరా చూసుకుని నాటకం ఆడే వీలు ఆ కాలంలో ఆడవాళ్ళకు ఎంతమందికి ఉండేది? సుగుణ విలాస సభలో స్త్రీ పాత్రలు కూడా మగవాళ్ళే వేశారు. స్త్రీ పాత్ర స్త్రీలే వేయాలని పట్టుబట్టిన రాఘవ గారి వంటివాళ్ళు అరుదు.

మనోరమ గారిని తీసుకోండి. మన్నార్‌గుడిలో పుట్టి, తల్లి ఇళ్ళలో పనిచేసి పెంచుతుండగా, పన్నెండేళ్ళకే వేదిక ఎక్కారు. ఆమెకు నాటకమే ఉద్యోగం. ‘అరుంధతి’లో చంద్రమ్మగా తెలుగువాళ్ళందరికీ గుర్తుండిన ఆ మనిషి వెనుక కంపెనీ నాటకాల కష్టం ఉంది, ఆఫీసు స్థిమితం లేదు. మన పరిషత్తు నాటకాల (పోటీ నాటకాల) సంగతీ అంతే. మగవాళ్ళు నెలల తరబడి రిహార్సళ్ళు చేసుకుంటే, నటీమణిని ప్రదర్శనకు ఇంత అని మాట్లాడుకుని ఒకటి రెండు రిహార్సళ్ళకు పిలిచేవారు. ఆమె ఈ వారం ఒక ఊరి సమాజంలో తల్లి, పై వారం మరో సమాజంలో భార్య. కాగితం చేతికి వచ్చిన గంటలో పాత్రను పట్టుకోవడం సీరియల్లో తప్పదని అసిస్టెంట్ గారు అంటున్నారు. ఆ విద్య ఈ ఆడవాళ్ళకు ముందే వచ్చు, వచ్చి తీరవలసి వచ్చింది. ప్రసంగంలో అయిదు నిమిషాలైనా ఈ వైపు కేటాయించండి. ఉద్యోగం నటుణ్ణి తయారు చేసిందని మాత్రం అనకండి, అది కొందరికి దొరికిన సౌకర్యం.

జవాబు: పాత ప్రేక్షకుడు

టీచరు గారి అభ్యంతరం సబబే. ‘తయారు చేసింది’ అని నేను అనలేదు గాని, నా వరుస చదివినవాళ్ళకు అలాగే తోచవచ్చు. అయితే చిన్న వేషాన్ని చిన్నచూపు చూడకపోవడం మనోరమ గారిలోనూ ఉంది. దానికి కారణం వేరు, అంతే.

అడయారు వాసి

అందరికీ కృతజ్ఞతలు. బళ్ళారితో మొదలుపెట్టి, వైమానిక దళం మీదుగా ప్రాంప్టింగ్ దాకా వచ్చి, మనోరమ గారిని పక్కన పెట్టి చూపించాలని నిర్ణయించుకున్నాను. పది నిమిషాల దృశ్యాలు వేయడానికి ప్రొజెక్టరు దొరికింది. ఏవి వేయమంటారు?

జవాబు: ఒకప్పటి అసిస్టెంట్

మూడు చాలు. ‘అపూర్వ సగోదరర్గళ్’లో ప్రతినాయకుల్లో ఒకరిగా కనిపించే సీను ఒకటి, మరుసటి ఏడాది 1990లో వచ్చిన ‘మైఖేల్ మదన కామ రాజన్’లో పాలక్కాడు వంటమనిషి మణి అయ్యరుగా ఒకటి వెంటవెంటనే వేయండి. రెండిటికీ దర్శకుడు మన సింగీతం శ్రీనివాసరావు గారే. ఏడాది తేడాతో ఒకే దర్శకుడు ఒకే నటుణ్ణి క్రూరుడిగానూ, అమాయకుడిగానూ నమ్మి వాడుకున్నాడంటే వివరణ అక్కరలేదు. పెద్దవాళ్ళకు మొదటిది ‘విచిత్ర సోదరులు’ అని చెబితే వెంటనే గుర్తుపడతారు.

మూడవది ‘సింధు భైరవి’. తాగి కచేరీకి వచ్చిన మృదంగ విద్వాంసుణ్ణి (అంటే గణేశ్ గారిని) గాయకుడు పక్కన కూర్చోనివ్వని ఘట్టం. ఇది మాత్రం డబ్బింగు రూపంలో వేయకండి, తమిళంలోనే వేయండి. అక్కడ ఆయన గొంతు పోతే సగం పాత్ర పోయినట్టే. మీ వాళ్ళందరికీ తమిళం వచ్చు కదా. స్పీకర్లు మంచివి తెప్పించుకోండి, అపార్టుమెంటు హాళ్ళలో మాట మోగిపోతుంది.