నాన్నకి చెవి మిషన్ పెట్టించాక పాట పాటలా వినపడట్లేదంట, ఎవరికైనా అనుభవం ఉందా?

తెనాలి_అమ్మాయి:
అందరూ ఎలా ఉన్నారు, ఇటువైపు వచ్చి రెండు నెలలైంది, పెద్దోడి ఇంటర్ పరీక్షలు, అత్తగారి కంటి ఆపరేషన్, వాటితోనే సరిపోయింది. ఇప్పుడు నాన్న సంగతి అడుగుదామని వచ్చాను.

నాన్నకి 74. తెనాలిలో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు. ఆయన రేడియో పిచ్చి మీలో పాతవాళ్ళకి తెలుసు. నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారంతో పనిలేదు, విజయవాడ స్టేషన్లో భక్తిరంజని మొదలైతే లేవాలి, ప్రాంతీయ వార్తలు అయ్యేసరికి స్నానాలు అయిపోవాలి, అంతే. పోయినేడాది నుంచి వినికిడి తగ్గుతూ వచ్చింది. టీవీ సౌండ్ పెంచుతుంటే మామూలే అనుకున్నాం, తర్వాత ఫోన్లో నేనొకటి చెప్తే ఆయన ఇంకోటి చెప్పడం, అమ్మ వంటింట్లోంచి మూడుసార్లు పిలిచినా పలక్కపోవడం, ఇక ఆమె విసుక్కోవడం. పరీక్ష చేయిస్తే రెండు చెవులకీ వయసుతో వచ్చేదే అన్నారు. మిషన్లు పెట్టించాం. మాటల వరకు చాలా బాగుంది, మనవడు ఫోన్లో మాట్లాడింది మళ్ళీ చెప్పించుకోకుండా అర్థమైందని ఆ రోజంతా అందరికీ చెప్పారు.

కానీ పాట దగ్గరే వచ్చింది. వారం తర్వాత నేను వెళ్ళినప్పుడు పొద్దున్నే రేడియో ముందు కూర్చున్నారు, రెండు నిమిషాలు విన్నారో లేదో, ఏమీ మాట్లాడకుండా రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టి మూత నొక్కేసి, చెవిని తీసుకెళ్ళి రేడియోకి ఆనించారు. ఏమైంది నాన్నా అంటే "ఘంటసాల గొంతు రేకు డబ్బాలోంచి వస్తోందమ్మా, ఫ్లూటు వణికిపోతోంది, తంబూరా అసలు వినపడట్లా, శృతి లేకుండా పాట ఏం వింటాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు రోజులో సగం మిషన్లు డబ్బాలోనే ఉంటున్నాయి, అమ్మ మళ్ళీ గొంతు చించుకుంటోంది. మిషన్ మార్చాలా, లేక ఇది ఇంతేనా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

విజయనగరం_కమాను:
అమ్మాయ్, ఇది ఇంతే కాదు, సరిచేయించుకోవచ్చు. నేను ఆరేళ్ళుగా మిషన్లు పెట్టుకుని పిల్లలకి వయొలిన్ చెప్తున్నాను, మీ నాన్నగారు చెప్పిన మూడు మాటలూ నేను మొదటి నెలలో అక్షరాలా అన్నవే. పైగా ఘంటసాల గారి పేరెత్తారు కాబట్టి ఇంకా దగ్గరివారు అయిపోయారు, ఆయన చదువుకున్న సంగీత కళాశాల మా ఊళ్ళోదే కదా, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయింది కూడా అక్కడే.

అసలు సంగతేంటంటే ఈ మిషన్లని తయారుచేసేదే మాట కోసం. మనం మామూలుగా మాట్లాడుకునేది 65 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది, ఎదురుగా కూర్చుని కచేరీ వింటే కొన్నిచోట్ల 100 దాటిపోతుంది, మాటకని పెట్టిన కొలత అంత పెద్ద సౌండుని పట్టలేక పగలగొట్టేస్తుంది. తంబూరా ఎందుకు పోయిందంటే, ఆగకుండా ఒకేలా మోగేదాన్ని మిషను ఫ్యాను చప్పుడో ఏసీ చప్పుడో అనుకుంటుంది, నాయిస్ అని తగ్గించేస్తుంది. మన సంగీతానికి ఆధారమే ఆ మోత, అది దానికి రొద! ఇక ఫ్లూటు, వయొలిన్ సంగతి. మిషన్ చెవిలో కుయ్యిమంటుంది చూడండి, దాన్ని ఆపడానికి లోపల ఒక ఏర్పాటు ఉంటుంది, ఎవరైనా ఒక స్వరం మీద నిలబడి సాగదీస్తే అదీ ఆ కూతే అనుకుని ఆపబోతుంది, అందుకే వణుకుతున్నట్టు ఉంటుంది. నాన్నగారి చెవి తప్పు కాదు, ఆయన చాలా సరిగ్గా విన్నారు, అది మాత్రం ఆయనకి చెప్పు.

చేయాల్సింది ఏంటంటే మిషన్ పెట్టిన ఆడియాలజిస్ట్ దగ్గరికే వెళ్ళి మ్యూజిక్ ప్రోగ్రామ్ విడిగా పెట్టమనండి. అందులో నాయిస్ తగ్గించేది ఆపేయాలి, కూత ఆపేది ఆపేయాలి లేదా బాగా తగ్గించాలి, మైకు అన్నివైపుల నుంచీ వినేలా ఉండాలి, చిన్న సౌండుని పెంచి పెద్ద సౌండుని నొక్కేసే కంప్రెషన్ తక్కువ ఉండాలి. మిషన్ మీద బటన్ నొక్కితే మాటకి ఒకటి, పాటకి ఒకటి. చాలామందికి ఇది ఉంటుందనే తెలీదు, మనం అడక్కపోతే పెట్టరు కూడా. వెళ్ళేటప్పుడు ఆయనకి బాగా తెలిసిన పాట ఫోన్లో పట్టుకెళ్ళండి, అక్కడే వింటూ "ఇదిగో ఇక్కడ" అని చూపిస్తే వాళ్ళకీ తెలుస్తుంది. అప్పటిదాకా ఇంట్లో రేడియో సౌండు తగ్గించి మిషన్ సౌండు కొంచెం పెంచుకోమనండి, తేడా ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు:
అక్కా మా బాపుది కూడా గిదే కథ. మాష్టారు చెప్పిన దానికి రెండు మాటలు కలుపుత. మొదలు మైనం చూడుండ్రి. చెవిల పెట్టే కాడ చిన్న జాలి లెక్క ఉంటది, మైనం పట్టిందంటే సౌండు మొత్తం మందమైతది, మా బాపు నెల రోజులు మిషన్ ఖరాబైందని పక్కకు పెట్టిండు, దుకాణంల ఆ జాలి మార్చంగనే మంచిగైంది. రెండోది, మీది బ్యాటరీ మిషన్ అయితే స్టిక్కర్ తీయంగనే ఎక్కించకుండ్రి, అవి గాలి తగిలితే పనిచేసేటివి, ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచి అప్పుడు పెట్టాలె. స్టిక్కర్ రంగు చూసి కొనుక్కోవాలె, గోధుమ రంగుదైతే 312 సైజు, నారింజదైతే 13 సైజు, మా బాపు నాలుగు రోజులకే అయిపోతున్నయంటే చూసిన, పొద్దుగాల స్టిక్కర్లన్నీ ఒకేసారి తీసి పెట్టుకుంటుండె. రాత్రి మిషన్ మూత తెరిచి పెట్టమనుండ్రి, మీ దిక్కు ఉక్కపోతకు తడి చేరుతది.

ఇంకోటి, కొంచెం భయంతోనే చెప్తున్న. 2024 జూన్‌ల హిందీ సినిమా పాటలు పాడే అల్కా యాగ్నిక్ గారు తనకు చెవి నరానికి సంబంధించిన వినికిడి లోపం వచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్ల అందరం కూసొని ఆ వార్త మళ్ల మళ్ల సూసినం. విమానం దిగి బయటికి వస్తుంటే ఏం వినపడలేదంట, వైరస్ వల్ల అయిందన్నరు. అంత పాడిన మనిషికి అట్లయిందంటే పానం ఒక తీరుగైంది. ఎవరికన్నా సరే ఒక్కసారిగ ఒక చెవి వినపడకపోతే జలుబేమో అని ఆగొద్దు, అదే రోజు లేకుంటే తెల్లారి చెవి డాక్టర్ తానికి పోవాలె, ఎంత ముందుగ మందు పడితే అంత ఆశ ఉంటది. మీ నాన్నది నిదానంగ వచ్చింది కాబట్టి అది వేరే. మా బిడ్డ మాత్రం అప్పటి సంది ఇయర్‌ఫోన్ సౌండు తగ్గించింది, నేను చెప్తే ఇనలె, ఆమె చెప్తే ఇన్నది.

డాలస్_వీణ:
తెనాలి అక్కా, ఎన్నాళ్ళకి కనిపించారు! అత్తయ్యగారి కన్ను ఎలా ఉంది? మా పాపకి వీణ మొదలుపెట్టి ఏడాదైంది, ఇప్పుడు జంట వరుసల్లో (మొదట్లో నేర్పే స్వరపాఠాలు) ఉంది, ఆదివారం పొద్దున ఇల్లంతా అదే మోత, మా ఆయనకి కూడా వచ్చేశాయి.

మాష్టారు చెప్పినవాటిలో ఒకటి మిగిలింది, శృతి నిలబడట్లేదన్నారు కదా. కొన్ని మిషన్లలో చెవికి అందని పై స్థాయి శబ్దాల్ని కిందికి దించి వినిపించే సదుపాయం ఉంటుంది, స, ష లాంటి అక్షరాలు తెలియడానికి బానే ఉంటుంది గానీ పాటలో అదే అపస్వరం అయిపోతుంది, పై స్వరాల్ని ఉన్నచోటు నుంచి జరిపేస్తుంది కాబట్టి. మా మామగారికి అది ఆపించాక ఆయన ముఖం చూడాల్సింది అక్కా. పాట ప్రోగ్రామ్‌లో అది తీసేశారో లేదో తప్పకుండా అడగండి. ఇంకా ఫోన్ నుంచి నేరుగా బ్లూటూత్‌లో మిషన్‌కి పాట వచ్చే రకమైతే గదిలో వేరే చప్పుళ్ళు అడ్డురావు, కాకపోతే రేడియో ముందు కూర్చునే మనిషికి అది నచ్చుతుందో లేదో.

తెనాలి_అమ్మాయి:
మాష్టారూ, మీరు ఆయన సరిగ్గానే విన్నారని రాసిన ముక్క ఫోన్లో చదివి వినిపించాను, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆయన ఏ ఊరన్నావు" అని అడిగారు. నిజంగా ఆయన భయమేంటంటే చెవి కాదు, జ్ఞానం పోతోందేమో అని, రాగం గుర్తుపట్టలేకపోతున్నానని అమ్మతో అన్నారంట, నాకు చెప్పలేదు. తమ్ముడూ, జాలి సంగతి చూస్తాను. డాలస్ చెల్లీ, అత్తగారికి బాగుంది, పేపర్ చదివేస్తున్నారు, పాప వాయించింది ఒకసారి పంపు.

తెనాలి_అమ్మాయి:
శనివారం వెళ్ళొచ్చాం, అందరికీ చెప్తానన్నాను కదా. ఆ ఆడియాలజిస్ట్ అమ్మాయి చాలా ఓపికగా గంటన్నర కూర్చుంది. నాన్న ఫోన్లో పాట పెట్టి, కళ్ళు మూసుకుని, తేడా వచ్చినచోటల్లా వేలు పైకెత్తారు. చెల్లీ, నువ్వు చెప్పింది ఆన్‌లోనే ఉంది, తీసేసింది. కుడి చెవి జాలి నిండా మైనమే. నాలుగోసారి మార్చాక నాన్న వేలు ఎత్తలేదు, పాట అయిపోయేదాకా అలాగే ఉన్నారు, అమ్మ పక్కన కూర్చుని ఆయన్నే చూస్తోంది.

పూర్తిగా రాలేదు. వయొలిన్ పై స్థాయికి వెళ్ళినప్పుడు ఇంకా సన్నగా గీరినట్టుందంటున్నారు, మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు, మెదడుకి కూడా అలవాటు కావాలంట. కానీ తంబూరా వచ్చింది. ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, నాన్న రేడియో దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వచ్చి "కుక్కర్ మూడో విజిల్ వచ్చింది, కట్టెయ్" అన్నారని చెప్పింది.

మాష్టారూ, నాన్న మీతో మాట్లాడాలంటున్నారు, మీకు వీలైన రోజు చెప్తే నేను తెనాలి వెళ్ళినప్పుడు కలుపుతాను.

విజయనగరం_కమాను:
గురువారం సాయంత్రం పిల్లలు ఉండరు, ఆరు తర్వాత ఎప్పుడైనా కలుపమ్మా. వయొలిన్ దగ్గర పెట్టుకుంటాను, ఎక్కడ గీరినట్టుందో ఆయన చెప్తే వాయించి చూద్దాం.