అప్‌డేట్: మధ్యాహ్నానికి నార్బోర్నడైన్ దిగుబడి ఎందుకు పడిపోయిందో తెలిసింది

సౌరశక్తిని దాచే నార్బోర్నడైన్ అనే రసాయనాన్ని ఉక్కు గొట్టపు చుట్టలో నిరంతర ప్రవాహంగా తయారుచేస్తుంటే, ఉదయం బాగున్న దిగుబడి మధ్యాహ్నానికి పడిపోతోందని మార్చిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పంపులో లోపం లేదు. ద్రావణి మార్చినా ఫలితం మారలేదు. మా మేడం సిరంజిలోని ద్రవాన్నే పరీక్షించమన్నారు. ఆల్కైన్‌తో (కార్బన్ల మధ్య త్రిబంధం ఉన్న సమ్మేళనం) కలిసి నార్బోర్నడైన్ ఇవ్వాల్సిన ముడిపదార్థం సైక్లోపెంటాడైన్. స్వేదనం చేసి నింపుకున్న దాని అణువులు అక్కడే జతకట్టి డైసైక్లోపెంటాడైన్‌గా మారిపోతున్నాయి! గది ఉష్ణోగ్రతలోనే జరిగే చర్య ఇది. అనంతపురం ఎండల్లో ఇంకా వేగం.

మీలో ఒకరు చెప్పినట్టే డైసైక్లోపెంటాడైన్‌నే ఆల్కైన్‌తో కలిపి నేరుగా పంపాను. 170 డిగ్రీలు దాటిన చుట్టలో అది విడిపోయి, వెంటనే ఆల్కైన్‌తో చర్య జరుపుతోంది. స్వేదనం తప్పింది, వ్యర్థమూ తగ్గింది. ద్రావణిగా వాడే టోలీన్ 111 డిగ్రీలకే మరుగుతుంది కనుక, చివర పీడనం నిలిపే వాల్వు తప్పనిసరి. ఇప్పుడు సాయంత్రం వరకూ దిగుబడి నిలకడగా ఉంది.