అప్‌డేట్: ఎడమ వైపు బ్లైండ్ స్పాట్ కెమెరా, స్క్రీన్ చివరికి ఎక్కడ పెట్టించానంటే

కారు ఎడమ అద్దంలో కనిపించని చోటు (బ్లైండ్ స్పాట్) చూడ్డానికి ఆ అద్దం కింద బిగించిన కెమెరా బొమ్మ డ్యాష్‌బోర్డు మధ్య స్క్రీన్‌లో వస్తోంది, ఇండికేటర్ వేస్తే మ్యాప్ మాయమవుతోంది, రాత్రి మసకగా ఉంటోందని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

విడిగా చిన్న స్క్రీన్ కొని ఎడమ మూలన పెట్టమన్న సలహానే పనిచేసింది. ముందద్దం పక్కనుండే పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో పక్కన తెరలా తెరుచుకునే గాలి సంచి) ఉంది కాబట్టి దాని మీద కాకుండా కిందే డ్యాష్‌బోర్డు చివర అతికించాం, ఇప్పుడు అద్దం, బొమ్మ రెండూ ఒకే చూపులో అందుతున్నాయి. నిన్న మెహిదీపట్నంలో ఎడమ నుంచి దూరిన స్కూటీ అద్దంలో అసలు లేదు, స్క్రీన్‌లో మాత్రం హెల్మెట్‌తో సహా కనిపించింది, నిజంగా గుండె ఆగినంత పనైంది.

హ్యుందాయ్ క్రెటా కారులో లాగా స్టీరింగ్ వెనక మీటర్లోనే బొమ్మ రావాలనుకున్నా గానీ, బయట కొన్న కెమెరాకి కుదరదన్నాడు ఎలక్ట్రీషియన్. మసకకి కారణం లెన్స్ లోపలికి చేరిన తేమ, కెమెరా మార్చాక పోయింది. ఆ మసకకి వైరింగ్‌తో, బ్యాటరీతో ఏ సంబంధమూ లేదు.