డాలస్ చుట్టుపక్కల అకార్డియన్ క్లబ్బులు, రాబోయే ఉత్సవాలు: హార్మోనియం వచ్చినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో_హార్మోనియం:

అందరికీ నమస్కారం. భజనలకి హార్మోనియం వాయిస్తాను. స్వరాలు తెలుసు, పాశ్చాత్య సంగీతం రాసే స్టాఫ్ నొటేషన్ చదవడం రాదు. ఇక్కడ ఒకరు పాత ఇటాలియన్ పియానో అకార్డియన్ అమ్ముతున్నారు. కుడివైపు 41 మెట్లు, ఎడమవైపు 120 బటన్లు, బరువు 11 కిలోల దాకా ఉంది. కొనేముందు ఏమేం చూడాలి? అకార్డియన్ క్లబ్బులో చేరితే కొత్తవాళ్ళు ఏం చేయగలగాలి? కారులో వెళ్ళి వినగలిగే ఉత్సవాలు ఏవి? మన పాటలు దీని మీద పలుకుతాయా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

తిత్తి_మరమ్మతు:

పెట్టె సంగతి నేను చెప్తానండీ, ఉత్సవాల గురించి మిగతావాళ్ళు చెప్తారు.

కేసు తెరవగానే వాసన చూడండి. బూజు వాసన వస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. బూజు ఉందంటే లోపలికి తేమ చేరినట్టే, తేమ చేరితే రీడ్లకి తుప్పు పట్టే ఉంటుంది. హార్మోనియం రీడు ఇత్తడిది, దానికి ఈ బెడద లేదు. అకార్డియన్ రీడు నాలుక స్టీలు. ఏ కాస్త తుప్పు పట్టినా శ్రుతి తప్పుతుంది, గీకి సరిచేసినా ఎక్కువ రోజులు నిలవదు.

తర్వాత తిత్తి. పైన, కింద ఉన్న పట్టీలు విప్పి, మెట్ల వైపు గట్టిగా పట్టుకుని, ఏ మెట్టూ నొక్కకుండా బటన్ల వైపు కొద్దిగా కిందికి వేలాడనివ్వండి. రెండో చెయ్యి కింద సిద్ధంగా ఉంచండి. తిత్తి బాగుంటే మెల్లగా, బలవంతాన సాగుతుంది. వదలగానే జారిపోతే గాలి ఎక్కడో కారుతోంది. తిత్తి మూలల్లో అయితే అతికించవచ్చు. మెట్ల కింది ప్యాడ్లు అరిగి కారుతుంటే మాత్రం అన్నీ మార్చాలి, అది పెద్ద పని.

అసలు పరీక్ష రీడ్లది. ఏ రీడ్ల సెట్లు పలకాలో ఎంచుకునే రిజిస్టర్ స్విచ్‌ల మీద చుక్కల గుర్తులుంటాయి. ఒకే చుక్క ఉన్న స్విచ్ నొక్కి అడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కొక్కటీ వాయించండి, తిత్తి తెరుస్తూ ఒకసారి, మూస్తూ ఒకసారి. ప్రతి రీడ్ ప్లేటుకీ రెండు నాలుకలు ఉంటాయి. తెరిచేటప్పుడు ఒకటి పలుకుతుంది, మూసేటప్పుడు రెండోది. కాబట్టి ఒకవైపు బాగా పలికి రెండోవైపు మూగగా ఉండే స్వరాలు మామూలే. అన్ని సెట్లూ కలిసి మోగే మాస్టర్ స్విచ్ వేసి చూపిస్తే చచ్చిన రీడు మిగతా మోతలో కలిసిపోతుంది. అమ్మేవాళ్ళు అలా చూపించినా మీరు మళ్ళీ విడివిడిగా చూడండి.

స్వరం ఆలస్యంగా అందుకుంటున్నా, మొదట్లో వంగి తర్వాత సర్దుకుంటున్నా రీడు మీది తోలు వాల్వు ముడుచుకుపోయిందని అర్థం. నాలుగు సెట్ల పెట్టె అయితే కుడివైపు 41 మెట్లకి 328 నాలుకలు, ఎడమవైపు ఐదు సెట్లయితే 120, మొత్తం 448. వాటిలో పది పాడైతే బాగుచేయించుకోవచ్చు. అన్నిటికీ వాల్వులు, మైనం మార్చాలంటే మాత్రం మరమ్మతు ఖర్చు కొన్న ధరను మించిపోతుంది.

యజమాని ఒప్పుకుంటే తిత్తి అంచున ఉన్న చిన్న పిన్నులు, పటకారుకి గుడ్డ చుట్టి, లాగి లోపల చూడండి. రీడ్ ప్లేట్లు తేనెమైనం, రోజనం కలిపిన ముద్దతో అతికి ఉంటాయి. మైనం తేనెరంగులో, కాస్త మెత్తగా ఉండాలి. తెల్లబారి, గోరు తగిలితే పెళుసుగా రాలుతుంటే దాని ఆయుష్షు అయిపోయింది.

నా సలహా అడిగితే, మొదటి పెట్టెగా 11 కిలోలది వద్దు. 34 మెట్లు, 72 బటన్లు ఉన్నది ఏడెనిమిది కిలోలు ఉంటుంది. మన పాటలకి ఆ మెట్లు చాలు. భుజం నొప్పితో మానేసేవాళ్ళని ఆ మూడు కిలోల తేడా ఆపుతుంది.

ప్లేనో_పోల్కా:

క్లబ్బు సంగతి. సాధారణంగా నెలకోసారి కలుస్తారు. ముందు ఓపెన్ మైక్‌లాగా సభ్యులు తలా ఒకటి వాయిస్తారు, తర్వాత అందరూ కలిసి వాయించే జామ్ ఉంటుంది. కొన్ని క్లబ్బులకి ఆర్కెస్ట్రా కూడా ఉంటుంది. అందులో మొదటి, రెండో, మూడో భాగం అంటూ విడివిడి కాగితాలు ఇస్తారు. మీకు నొటేషన్ రాదు కాబట్టి ఆర్కెస్ట్రా జోలికి ఇప్పుడే పోకండి. జామ్‌లో లీడ్ షీట్లు వాడతారు, కుడిచేతి పాట వరస, పైన తీగల (కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల) పేర్లు, అంతే. వరసని ముందే స్వరాల్లో రాసుకుని వెళ్తే ఇబ్బంది ఉండదు.

గుంపులో వాయించేటప్పుడు రెండు విషయాలు తప్పకుండా గుర్తుంచుకోండి. పది మంది ఒకేసారి ఎడమచేతి బేస్ వాయిస్తే అంతా బురదలా కలిసిపోతుంది, ఒకరిద్దరికి వదిలేసి మిగతావాళ్ళు కుడిచేయి మాత్రమే వాయించాలి. అలాగే మాస్టర్ స్విచ్ వద్దు, ఒకే సెట్టు పలికే క్లారినెట్ స్విచ్ వేయండి. చాలా పెట్టెల్లో రెండు మధ్య రీడ్లని కావాలనే కాస్త ఎడంగా శ్రుతి చేస్తారు, ఆ వణుకు కోసం. ఒక్కో పెట్టెకీ ఒక్కో వేగంతో ఆ వణుకు ఉంటుంది. పది కలిస్తే ఎవరు ఏ శ్రుతిలో ఉన్నారో తెలియదు.

చేతులు లేని కుర్చీ వెతుక్కుని కూర్చోండి. చేతుల కుర్చీలో తిత్తి తెరవడమే కుదరదు. మడిచే మ్యూజిక్ స్టాండు, ఆరుబయట అయితే కాగితాలు ఎగరకుండా నాలుగు బట్టల క్లిప్పులు, ఒక పెన్సిలు తీసుకెళ్ళండి. నేషనల్ అకార్డియన్ అసోసియేషన్ అని ఒక సంస్థ ఉంది, వార్షిక సమావేశాలు డాలస్ పరిసరాల్లోనే జరుగుతూ వచ్చాయి. కొత్తవాళ్ళకి వర్క్‌షాపులు కూడా పెడతారు, వాళ్ళ ప్రకటనలు చూస్తుండండి.

ఇక ఉత్సవాలు. టెక్సస్‌లో ఉన్నందుకు మీరు అదృష్టవంతులు, అకార్డియన్‌కి ఇక్కడ మూడు వేర్వేరు సంప్రదాయాలు ఉన్నాయి.

మొదటిది చెక్, జర్మన్ వాళ్ళ నాట్య సంగీతం, పోల్కా. ఎన్నిస్ ఊళ్ళో నేషనల్ పోల్కా ఫెస్టివల్ మెమోరియల్ డే వారాంతంలో, అంటే మే చివర్లో జరుగుతుంది. డాలస్ నుంచి ఐ-45 హైవే మీద దక్షిణానికి ముప్పై అయిదు మైళ్ళు. నాట్యం చెక్ సంఘాల హాళ్ళలో జరుగుతుంది. పియానో అకార్డియన్ నేర్చుకునేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే. వాయించేవాళ్ళ ఎడమచేయి కనిపించే పక్కన నిలబడి దాన్ని గమనించండి: బేస్ బటను, తీగ బటను, బేస్, తీగ, అంతే తేలికగా, వేలు తగిలీ తగలనట్టు. కొత్తవాళ్ళు బటన్‌ని నొక్కి పట్టుకుంటారు, అందుకే పోల్కా ఈడ్చినట్టు వస్తుంది. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో వెస్ట్ అనే ఊళ్ళో వెస్ట్‌ఫెస్ట్ ఉంది, ఐ-35 మీద గంటకి పైగా ప్రయాణం. నవంబరు మొదట్లో న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో వుర్స్ట్‌ఫెస్ట్ పది రోజులు జరుగుతుంది.

రెండోది కొన్‌హుంతో, మెక్సికన్ అమెరికన్లది. సాన్ ఆంటోనియోలో గ్వాడలూపె కల్చరల్ ఆర్ట్స్ సెంటర్ నిర్వహించే తెహానో కొన్‌హుంతో ఫెస్టివల్ మే నెలలో ఉంటుంది. ఇక్కడ వాడేది మూడు వరసల బటన్ అకార్డియన్, తెరిస్తే ఒక స్వరం, మూస్తే ఇంకో స్వరం. 1936లో రికార్డింగులు మొదలుపెట్టిన నార్సిసో మార్తినెస్ ఎడమచేతి బేస్‌ని దాదాపు పక్కనపెట్టి, ఆ పని గిటారులాంటి పన్నెండు తంతుల బాహో సెస్తోకి వదిలేశారు. అప్పట్నుంచీ కుడిచేయి అంత చురుగ్గా పరుగెత్తుతోంది. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది, కానీ హార్మోనియం చేతికి ఈ పెట్టె కొనకండి, వేళ్ళ లెక్క పూర్తిగా వేరు.

మూడోది పక్క రాష్ట్రం లూయిజియానాది. లఫాయెట్ ఊళ్ళో ఏప్రిల్ చివర్లో ఫెస్టివల్ ఇంటర్నేషనల్, అక్టోబరులో ఫెస్టివల్స్ అకాడియన్స్ ఎ క్రియోల్స్ జరుగుతాయి, రెండూ ఉచితం. డాలస్ నుంచి ఆరు గంటలకి పైనే పడుతుంది. కేజన్ వాళ్ళది, అంటే అక్కడి ఫ్రెంచి మూలాలవాళ్ళది, పది బటన్ల ఒంటి వరస పెట్టె. అక్కడి నల్లజాతి క్రియోల్ వాళ్ళ సంగీతం జైడికోలో పియానో అకార్డియన్ కూడా వినిపిస్తుంది, క్లిఫ్టన్ షెనియే దాన్ని ఆ సంగీతానికి గుర్తుగా నిలబెట్టారు. మీ పెట్టెతోనే బ్లూస్ ఎంత ఘాటుగా పలుకుతుందో అక్కడ తెలుస్తుంది.

తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి, హోటల్ బుక్ చేసేముందు ఆ ఏడాది ప్రకటన చూసుకోండి.

ఫ్రిస్కో_హార్మోనియం:

ఇద్దరికీ చాలా ధన్యవాదాలండీ. 72 బటన్ల పెట్టెలు చూస్తాను. ఆ ఎడమచేతి బటన్ల అమరిక ఎలా గుర్తుపెట్టుకోవాలి? మేము ఎక్కువగా ఒకటి శ్రుతిలో మోహనం, హిందోళం పాటలు పాడతాం. మేజర్, మైనర్ బటన్లు నొక్కితే రాగం చెడిపోతుందేమోనని అనుమానం.

హిందోళం_ఒకటి_శ్రుతి:

మీ అనుమానం సరైనదే. అమరిక అర్థమైతే పరిష్కారం కూడా దొరుకుతుంది.

తిత్తి వైపు నుంచి రెండో వరస మూల స్వరాలది. అందులో గుంట పడి గానీ, చిన్న రాయి పొదిగి గానీ ఒక బటన్ ఉంటుంది, అదే సి, మన ఒకటి శ్రుతి. దాన్ని సా అనుకుంటే దాని పైబటన్ ఎప్పుడూ పా, కిందిబటన్ ఎప్పుడూ శుద్ధ మధ్యమం. ఎక్కడ మొదలుపెట్టినా ఇదే లెక్క. తిత్తికి ఆనుకున్న మొదటి వరసలో, సా పక్కనున్నది అంతర గాంధారం. మూడో వరస మేజర్, నాలుగోది మైనర్. అవి ఒక్క బటన్‌తో మూడు స్వరాలు పలికిస్తాయి, చిక్కు అక్కడే.

ఒకటి శ్రుతిలో మోహనం తీసుకోండి: స రి గ ప ద. సి మేజర్ బటన్‌లో స, గ, ప ఉన్నాయి, నిక్షేపంగా వాడొచ్చు. సా నుంచి మూడు బటన్లు పైకి వెళ్తే ద, దాని మైనర్‌లో ద, స, గ, అదీ సరే. కానీ అలవాటుగా పా మీద మేజర్ నొక్కితే కాకలి నిషాదం వచ్చేస్తుంది, మోహనంలో నిషాదమే లేదు. పా కావాల్సినప్పుడు రెండో వరస ఒంటి బటన్ మాత్రమే నొక్కండి.

హిందోళం ఇంకా జాగ్రత్త. స, సాధారణ గ, శుద్ధ మ, శుద్ధ ద, కైశికి ని. పంచమం వర్జ్యం. సి మైనర్ తీగలో పంచమం ఉంది కాబట్టి అది పనికిరాదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. సా కిందిబటన్ దగ్గరి ఎఫ్ మైనర్ వాడండి, అందులో మ, ద, స. సా నుంచి నాలుగు బటన్లు కిందికి వెళ్తే ఎ-ఫ్లాట్ మేజర్, అందులో ద, స, గ. రెండూ రాగం లోపలే ఉన్నాయి. తంబూరాలాగా మోగించాలంటే సా, మా ఒంటి బటన్లు పక్కపక్కనే ఉన్నాయి, రెండు వేళ్ళు చాలు. గమకం మాత్రం ఆశించకండి, ఈ విషయంలో హార్మోనియం పరిమితే దీనికీ ఉంది.

హార్మోనియం వాయించేవాళ్ళకి అసలు ఇబ్బంది తిత్తి. హార్మోనియంలో గాలిని లోపలి అర దాచి సమంగా వదులుతుంది, మీరు ఎప్పుడు ఊదినా స్వరం తెగదు. ఇక్కడ తిత్తి దిశ మార్చిన చోట పదం విరిగినట్టు వినిపిస్తుంది. ఆదితాళం పాట అయితే సమం (ఆవర్తం మొదలయ్యే దెబ్బ) మీదే దిశ మార్చడం అలవాటు చేసుకోండి: ఒక ఆవర్తం తెరవడం, ఒక ఆవర్తం మూయడం. విలంబంలో గాలి చాలకపోతే నాలుగో అక్షరం తర్వాత మార్చండి, పదం మధ్యలో మాత్రం వద్దు. మొదటి రెండు వారాలు పాటలు పక్కనపెట్టి ఒక్క సా మెట్టు మీద ఇదే చేయండి, శబ్దం ఎక్కడా ఉబ్బకుండా.

ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టుకుంటే దాని సన్న శ్రుతిని పెట్టెకి తగ్గట్టు జరపండి. పాత పెట్టెల్లో ఎ స్వరం 440 హెర్ట్జ్‌కి బదులు 442 దగ్గర ఉండటం మామూలే.

తిత్తి_మరమ్మతు:

ఒక ముఖ్యమైన మాట మర్చిపోయాను. ఉత్సవానికి తీసుకెళ్ళినప్పుడు పెట్టెని కారులో వదలకండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్‌లో కరుగుతుంది. టెక్సస్ ఎండలో నిలబెట్టిన కారులో, అందులోనూ నల్ల కేసు మీద నేరుగా ఎండ పడితే, అంతకంటే ముందే మెత్తబడి రీడ్ ప్లేట్లు జారిపోతాయి. చలికాలంలో దీనికి తిరుగుడు, మైనం పెళుసెక్కి చిట్లుతుంది. బయటి చలిలోంచి ఇంట్లోకి తెచ్చాక కేసు మూసే ఉంచి గంటసేపు ఆగి తెరవండి, లేకపోతే చల్లటి రీడ్ల మీద తేమ పడుతుంది.

ఇంట్లో పెట్టెని, వాయించేటప్పుడు ఎలా నిలువుగా ఉంటుందో అలాగే ఉంచండి. వెల్లకిలా పడుకోబెడితే కొన్ని వాల్వులు రీడు మీంచి వేలాడి వంగిపోతాయి.

ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే చెకిన్ లగేజీలో వేయకండి. అమెరికా విమానయాన సంస్థలు చిన్న వాద్యాలని, మీరు ఎక్కేటప్పుడు పై అరలో చోటుంటే, క్యాబిన్‌లోకి అనుమతించాలన్న నియమం ఉంది. 48 బటన్ల పెట్టె ఆ అరలో పడుతుంది, 120ది చాలాసార్లు పట్టదు. అక్కడ వానాకాలంలో కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. శ్రుతి పోయిందని దగ్గర్లోని హార్మోనియం బాగుచేసేవాళ్ళకి ఇవ్వకండి. ఇత్తడి నాలుకని గీకే చేతికి స్టీలు నాలుక లొంగదు. పైగా రెండు నాలుకల ప్లేటులో ఒకవైపు వాల్వు ఎత్తి పట్టుకుని లోపలి దాన్ని గీకాలి, ఆ పని తెలిసినవాళ్ళే చేయాలి.

ప్లేనో_పోల్కా:

భుజం పట్టీల గురించి కూడా ఒక మాట. ఎడమ పట్టీ కుడిదానికంటే ఒక అంగుళం పొట్టిగా పెట్టుకోండి. బరువు ఎడమ తొడ మీద ఉండాలి, మెట్ల పలక కింది అంచు కుడి తొడ లోపలి వైపు ఆనాలి. అప్పుడు తిత్తి తెరిచినప్పుడు పెట్టె పక్కకి జారదు, కుడి మణికట్టు వంగదు. ఎడమచేతి పట్టీని పైనున్న చక్రంతో బిగించుకోండి, చెయ్యి బటన్ల మీద పైకీ కిందికీ జరగాలి కానీ వదులుగా ఊగకూడదు. క్లబ్బుకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరినైనా అడగండి, అక్కడే సర్దిపెడతారు.