ఇద్దరు జానకిలు, ఇద్దరు వరలక్ష్ములు: నాన్నగారి క్యాసెట్లకు పేర్లు ఎలా రాయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఆయన రికార్డు చేసి దాచుకున్న క్యాసెట్లు అరవై దాకా ఉన్నాయి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ప్రతి అట్ట మీదా ఆయన చేతిరాత ఉంది, కానీ పేర్లన్నీ పొట్టిగా రాసుకున్నారు: ‘జానకి’, ‘వరలక్ష్మి’, ‘ఘంటసాల’, ‘బి.ఎన్. రెడ్డి’. ‘ఎస్. జానకి’ అని ఉన్న ఒకటి పెట్టి వింటే పాటల్లేవు, అన్నీ సినిమా డైలాగులే. అప్పటికే దాన్ని గాయని ఫోల్డర్‌లో వేసేశాను. ఇంకెన్ని తప్పులు చేశానో అని టెన్షన్‌గా ఉంది. రేపు పిల్లలకు అప్పగించాల్సినవి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు

అమ్మా, కంగారు పడకండి. ఆ డైలాగులు షావుకారు జానకి గారివి అయ్యుంటాయి. ఆమె ఇంటిపేరు శంకరమంచి. గాయని జానకి గారిది శిష్ట్లా. ఇంగ్లీషు పొడి అక్షరంలో పెడితే రెండూ ‘ఎస్’ అయిపోతాయి! మీ నాన్నగారు రాసింది తప్పు కాదు, ఇద్దరూ ఎస్. జానకులే.

షావుకారు జానకి గారు సినిమాల్లోకి రాకముందే రేడియోలో చేశారు. 1950లో వచ్చిన ‘షావుకారు’ సినిమాతో ఆ పేరు స్థిరపడింది. నటి కృష్ణకుమారి ఆమె చెల్లెలు. శిష్ట్లా జానకి గారు అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతం వారు, సినిమా పాటలు పాడడం మొదలుపెట్టింది 1957లో. కాబట్టి 1957 కంటే ముందు సినిమా అయితే ఆ గొంతు గాయని జానకి గారిది కాదని గట్టిగా చెప్పొచ్చు. డబ్బింగ్ జానకి గారు ఇంకొకరు. ‘సాగరసంగమం’లో కమల్‌హాసన్ తల్లిగా వేసింది ఆమె.

మరో జవాబు

వరలక్ష్ముల సంగతి నేను చెబుతాను. ఇక్కడ పాట వినగానే తేల్చేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఇద్దరూ నటించారు, ఇద్దరూ పాడారు, కాలం కూడా ఒకటే. ఎస్. వరలక్ష్మి అంటే సరిదె వరలక్ష్మి. ‘బాలరాజు’ (1948)లో అక్కినేని పక్కన కథానాయిక, ‘సత్యహరిశ్చంద్ర’ (1965)లో చంద్రమతి. జి. వరలక్ష్మి అంటే గరికపాటి వరలక్ష్మి. ‘ద్రోహి’ (1948), ‘పెళ్ళిచేసి చూడు’ (1952) ఆమెవి. దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు గారి భార్య. అట్ట మీద సినిమా పేరు ఉంటే చాలు, తేలిపోతుంది. లేకపోతే పల్లవి పట్టుకుని సినిమా వెతకండి, టైటిల్స్‌లో పేరు చూసి రాయండి.

ఘంటసాల దగ్గర చాలామంది పొరబడుతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారు (1922–1974). ఘంటసాల బలరామయ్య గారు దర్శకనిర్మాత. బెజవాడ రైల్వే స్టేషన్‌లో అక్కినేనిని చూసి, ‘సీతారామ జననం’ (1944)లో రాముడి వేషం ఇచ్చింది ఆయనే. పైన చెప్పిన ‘బాలరాజు’ తీసింది కూడా ఆయనే. గాలి పెంచల నరసింహారావు గారితో కలిసి దానికి సంగీతంలో చేయి వేసింది ఘంటసాల వెంకటేశ్వరరావు గారు! అంటే ఒకే సినిమాకు ఇద్దరు ఘంటసాలలు. ఇప్పటి సంగీత దర్శకుడు తమన్ బలరామయ్య గారి మనవడు, గాయకుడి మనవడు కాదు. దయచేసి ఎవరైనా తప్పు చెబితే సరిదిద్దండి. బలరామయ్య గారి పేరు ఇప్పటికే మరుగున పడిపోతోంది.

ప్రశ్న అడిగినవారు

ఎంత మేలు చేశారండీ! నేను నిజంగా తమన్ గాయకుడి మనవడనే అనుకున్నాను. మరి బి.ఎన్. రెడ్డి? అట్ట మీద ‘బి.ఎన్. రెడ్డి, మాయాబజార్’ అని ఉంది.

జవాబు

అది నాగిరెడ్డి గారమ్మా. బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, బొమ్మిరెడ్డి నాగిరెడ్డి అన్నదమ్ములు, పొడి అక్షరాల్లో ఇద్దరూ బి.ఎన్. రెడ్డే. పైగా ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకు 1974కి, తమ్ముడికి 1986కి. జనం వాడుకలో ‘బి.ఎన్. రెడ్డి’ అంటే అన్నగారు, ‘మల్లీశ్వరి’ (1951) తీసినాయన. ‘మాయాబజార్’ (1957) నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వారిది, దర్శకుడు కె.వి. రెడ్డి. ఆయన ఇంటిపేరు కదిరి, బొమ్మిరెడ్డి కాదు.

ఫైలు పేరులో ఇంటిపేరు పూర్తిగా రాయండి, పక్కనే బ్రాకెట్లో వాడుక పేరు పెట్టండి: ‘శిష్ట్లా జానకి (ఎస్. జానకి)’. పిల్లలు ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. నాన్నగారి అట్టలు మాత్రం దిద్దకండి, ఒక్కోదాన్ని ఫొటో తీసి ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అలాగే చేస్తాను. ఈ సాయంత్రం ‘జానకి – 3’ అని ఉన్నది పెట్టాను. ‘నీ లీల పాడెద దేవా’, నాదస్వరంతో పోటీ పడుతూ. ‘మురిపించే మువ్వలు’, 1962. ఇది శిష్ట్లా జానకి గారే. పాట అయిపోయాక వెనక నాన్నగారి దగ్గు కూడా వినిపించింది. దాన్ని కత్తిరించకుండా ఉంచేశాను.