పాత జియాన్ సర్వర్ కొననా, లాప్‌టాప్‌తోనే సర్దుకోనా?

కావలి నుంచి ప్రశ్న: అన్నా, ట్రంకు రోడ్డులో నాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు రైజెన్ 5 5500యూ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లో ఎడిట్ చేస్తున్నా. ఒకాయన 2012 నాటి జియాన్ ఈ5-2670 (ఇంటెల్ వాళ్ల సర్వర్ ప్రాసెసర్) ఉన్న సర్వర్ చౌకగా ఇస్తానంటున్నాడు. దాంట్లో 8 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), నా దాంట్లో 6. అదే మేలు కదా?

ఒంగోలు నుంచి: కోర్లు లెక్కపెట్టి మోసపోవద్దు తమ్ముడూ. అది చిప్పు తయారీ కొలతలో 32 నానోమీటర్లది, కరెంటు లెక్కలో 115 వాట్లది. నీది 7 నానోమీటర్లు, 15 వాట్లు; రెండూ తక్కువుంటేనే మేలు. ఒక్కో కోరు వేగంలో నీదే ముందు. పైగా జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు వేరే కొనాలి. నేనూ అలాంటి సర్వరే ఇంట్లో పెట్టా. ఫ్యాన్ల మోత విని మా అమ్మ మిక్సీ ఆపమంది!

కందుకూరు నుంచి: ర్యామ్ బాగా కావాలంటే మాత్రం సర్వరే.

కావలి: వద్దని చెప్పేశా. మా వీధిలో కరెంటు పోతే బ్యాటరీ ఉన్నదే దిక్కు.